లినక్స్‌లో డ్రైవర్ మాడ్యూళ్లు: ఏ దారిలో పెట్టుకుంటే తర్వాత తలనొప్పి తక్కువ?

ఓ వేసవిలో, నేను చూసుకునే ఒక చిన్న కంప్యూటర్ శిక్షణ కేంద్రానికి పన్నెండు వైఫై డాంగిళ్లు కొన్నాం. గోడల వెంట కొత్తగా లాన్ కేబుల్ లాగించడం కంటే అదే చవక. పెట్టె మీద లినక్స్‌కి పనికొస్తుందని రాసుంది. లోపల చిన్న సీడీ, దాంట్లో సోర్స్ కోడ్ ఫోల్డర్ ఉన్నాయి. టెర్మినల్ తెరిచి, సోర్స్‌ని కంపైల్ చేసే మేక్ అన్నాను, తర్వాత దాన్ని సరైన చోట పెట్టే మేక్ ఇన్‌స్టాల్ అన్నాను. పన్నెండింట్లోనూ వైఫై వచ్చింది. టీ తాగి ఇంటికెళ్లిపోయాను.

మూడు వారాల తర్వాత ఓ సోమవారం పొద్దున్నే ఫోన్. ఏ మెషీన్‌లోనూ నెట్ లేదట. శుక్రవారం సాయంత్రం ఆటోమేటిక్ అప్‌డేట్ కొత్త కర్నెల్‌ని, అంటే హార్డ్‌వేర్‌ని నడిపే లినక్స్ గుండెకాయని, దించింది. సోమవారం ఆన్ చేయగానే అన్నీ దాంట్లోకి బూట్ అయ్యాయి. నేను కట్టిన (కంపైల్ చేసిన) మాడ్యూల్, అంటే కర్నెల్‌కి తగిలించే డ్రైవర్ ఫైల్, మాత్రం పాత కర్నెల్ ఫోల్డర్‌లోనే ఉండిపోయింది. మళ్లీ కట్టాలంటే కొత్త కర్నెల్ హెడర్లు (కంపైలర్‌కి కర్నెల్ లోపలి వివరాలు చెప్పే ఫైళ్లు) కావాలి, హెడర్లు దించాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే ఆ మాడ్యూలే కావాలి. చివరికి ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి, టెథరింగ్ ఆన్ చేసి, ఒక్కో మెషీన్‌కీ నెట్ ఇచ్చుకుంటూ మధ్యాహ్నం మూడింటి దాకా కూర్చున్నాను.

ఆ టెథరింగ్ కోసం నేనేమీ ఇన్‌స్టాల్ చేయలేదు. దానికి కావలసిన డ్రైవర్ కర్నెల్‌తో పాటే వస్తుంది, కర్నెల్ మారితే దాంతో పాటే మారుతుంది. ఆ రోజు నుంచి డ్రైవర్ పెట్టే ముందు నేను వేసుకునే ప్రశ్న ఒకటే: రేపు కర్నెల్ మారితే దీన్ని మళ్లీ కట్టేది ఎవరు? కర్నెల్ రాసేవాళ్లా, డిస్ట్రో (ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్ రూపం) వాళ్లా, ఏదైనా స్క్రిప్టా, లేక నేనా? కింద చెప్పే దారులన్నిటికీ తేడా అక్కడే ఉంది.

ఎందుకు మళ్లీ కట్టాలి?

మామూలు ప్రోగ్రాముల విషయంలో లినక్స్ చాలా పట్టింపుగా ఉంటుంది. ఎప్పుడో కంపైల్ చేసిన ప్రోగ్రాం కొత్త కర్నెల్ మీద కూడా నడవాలన్నది వాళ్ల నియమం. మాడ్యూళ్లకి ఆ హామీ లేదు. కర్నెల్ లోపలి ఫంక్షన్లు, స్ట్రక్చర్లు ఎప్పుడైనా మారొచ్చు, ఆ సంగతి కర్నెల్ సొంత డాక్యుమెంటేషన్‌లోనే దాపరికం లేకుండా రాసి పెట్టారు. అందుకే ప్రతి మాడ్యూల్ ఫైల్‌లోనూ వర్‌మ్యాజిక్ అని ఒక గుర్తు ఉంటుంది: ఏ కర్నెల్ కోసం, ఏ ముఖ్యమైన సెట్టింగులతో కట్టారన్న వివరం అది. నడుస్తున్న కర్నెల్‌తో ఆ గుర్తు సరిపోకపోతే 'ఇన్‌వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్' అని తిప్పి పంపేస్తుంది. బలవంతంగా ఎక్కించే ఆప్షన్ ఒకటుంది. మర్చిపోండి. ఎక్కినా అది చెడగొట్టేది మీ డిస్క్ మీద డేటాని కావచ్చు.

అసలు డ్రైవర్ లేదా, ఫర్మ్‌వేర్ లేదా?

దారులు పోల్చే ముందు ఈ సంగతి తేల్చుకోవాలి. 'డ్రైవర్ లేదు' అని నా దగ్గరికి వచ్చే వాటిలో చాలావరకు డ్రైవర్ సమస్యలే కావు.

పీసీఐ కార్డయితే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌ని కే ఆప్షన్‌తో నడపండి. ప్రతి పరికరం కింద ఏ మాడ్యూళ్లు దానికి పనికొస్తాయో, ఇప్పుడు ఏది పట్టుకుని ఉందో రెండూ చూపిస్తుంది. మాడ్యూల్ పట్టుకునే ఉండి, పరికరం మాత్రం పని చేయకపోతే కర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో ఫర్మ్‌వేర్ అన్న మాట కోసం వెతకండి. ఫర్మ్‌వేర్ అంటే పరికరంలోకి వెళ్లే చిన్న బైనరీ ఫైల్. మాడ్యూల్ ఉన్నా అది లేకపోతే వైఫై కార్డు లేవదు. డెబియన్‌లో ఈ గొడవ ఎక్కువగా ఉండేది, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఈ ఫర్మ్‌వేర్ పెట్టడం మొదలుపెట్టాక చాలా తగ్గింది. ఫర్మ్‌వేర్ ఫైల్ కర్నెల్ వెర్షన్‌కి ముడిపడి ఉండదు కాబట్టి ఒకసారి ప్యాకేజీ పెడితే అయిపోతుంది. దానికోసం సోర్స్ కోడ్ దించి కంపైల్ చేయడమంటే తలుపు తీసే ఉండగా గోడ పగలగొట్టడమే.

యూఎస్‌బీ డాంగిళ్లలో ఇంకో తమాషా ఉంది. కొన్ని డాంగిళ్లు గుచ్చగానే వైఫై కార్డులా కాకుండా సీడీ డ్రైవ్‌లా కనిపిస్తాయి, లోపల విండోస్ డ్రైవర్ పెట్టుకుని. సీడీని ఇజెక్ట్ చేస్తేనే అసలు రూపంలోకి వస్తాయి. యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే ప్యాకేజీ ఈ పని చూసుకుంటుంది. యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో స్టోరేజ్ పరికరంలా కనిపిస్తుంటే మీకు కావలసింది డ్రైవర్ కాదు, ఆ ప్యాకేజీ.

మొదటి దారి: కర్నెల్‌తో వచ్చే డ్రైవర్

ఇది దొరికితే ఇంక వెతకొద్దు. కర్నెల్ లోపల ఒక ఫంక్షన్ మార్చిన వాళ్లే, దాన్ని వాడే అన్ని డ్రైవర్లనీ సరిచేయాలి. మీకు కనిపించని ఆ పని మీ కోసం ఉచితంగా జరిగిపోతుంది. పరికరం గుచ్చగానే అది తన తయారీదారు నంబరు, మోడల్ నంబరు చెబుతుంది. మాడ్యూళ్ల జాబితాలో ఆ నంబర్లు ఎవరికి చెందుతాయో చూసి, యూడెవ్ అనే సర్వీస్ తనంతట తనే సరైన మాడ్యూల్‌ని పిలుస్తుంది. మీరు చేయాల్సింది శూన్యం.

మరి మీ పరికరానికి డ్రైవర్ లేకపోతే? ఇక్కడే చాలామంది తొందరపడతారు. డ్రైవర్ లేనిది మీ కర్నెల్‌లో, లినక్స్‌లో కాదు. ఈ రెండింటికీ తేడా ఉంది. ఆర్‌టీఎల్ 8821సీయూ అనే చిప్ ఉన్న యూఎస్‌బీ వైఫైలనే తీసుకోండి. ఏళ్ల తరబడి వీటికి బయటి సోర్స్ కోడ్ తప్ప గతి లేదు. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 6.2 కర్నెల్‌తో డ్రైవర్ లోపలికే వచ్చేసింది. డెబియన్ 12లో ఉన్నది 6.1, ఒక్క మెట్టు కింద. అంటే డెబియన్ 12 వాడేవాళ్లు బయటి కోడ్‌తో కుస్తీ పట్టే బదులు బ్యాక్‌పోర్ట్స్ (పాత వెర్షన్ కోసం కట్టిన కొత్త ప్యాకేజీలుండే చోటు) నుంచి కొత్త కర్నెల్ పెట్టుకుంటే సరిపోతుంది. డెబియన్ 13లో 6.12 ఉంది కాబట్టి ఆ అవసరమూ లేదు. ఉబుంటు 22.04 మొదట 5.15తో వచ్చింది, కొత్త హార్డ్‌వేర్ కోసం ఇచ్చే దాని హెచ్‌డబ్ల్యూఈ కర్నెల్ 6.8 దాకా వెళ్లింది. 24.04 అయితే 6.8తోనే మొదలై, హెచ్‌డబ్ల్యూఈలో 6.11కీ, 6.14కీ పాకింది.

కొత్త కర్నెల్ పెట్టడం కూడా డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసే పద్ధతే అని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. చిన్న డాంగిల్ కోసం కర్నెల్ మొత్తం మార్చడమేంటి అనిపించేది. కానీ ఒక ప్యాకేజీ, ఒక రీబూట్, అంతే. నచ్చకపోతే బూట్ మెనూలో పాత కర్నెల్ ఎలాగూ ఉంటుంది.

ఓపిక ఫలించిన కథలు ఇంకా ఉన్నాయి. వైర్‌గార్డ్ వీపీఎన్‌కి ఒకప్పుడు బయటి మాడ్యూల్ కట్టుకోవాల్సి వచ్చేది, 2020 మార్చిలో 5.6తో లోపలికి వచ్చేసింది. కెమెరా కార్డుల్లో వాడే ఎక్స్‌ఫ్యాట్‌కి సరైన డ్రైవర్ 5.7తో వచ్చింది. విండోస్ డిస్కుల కోసం ఎన్‌టీఎఫ్‌ఎస్3 డ్రైవర్ 2021లో 5.15తో వచ్చింది. ఇవాళ ఎవరైనా వైర్‌గార్డ్ కోసం బయటి మాడ్యూల్ కట్టమని చెప్పే పాత సలహా చదువుతుంటే, ముందు దాని తేదీ చూడాలి.

రెండో దారి: డిస్ట్రో వాళ్లే కట్టి ఇచ్చే మాడ్యూల్

కొన్ని డ్రైవర్లు లైసెన్స్ కారణాల వల్ల కర్నెల్‌లోకి రాలేవు. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టం లైసెన్స్ సీడీడీఎల్, కర్నెల్‌ది జీపీఎల్, రెండూ కలవవన్నది ఎక్కువమంది అభిప్రాయం. ఎన్విడియా గ్రాఫిక్స్ మాడ్యూళ్లు చాలా కాలం సోర్స్ లేకుండానే వచ్చాయి. 2022 మేలో కర్నెల్ మాడ్యూళ్ల భాగాన్ని ఓపెన్ సోర్స్ చేశారు గానీ, అవి ఇప్పటికీ కర్నెల్ బయటే ఉన్నాయి. ట్యూరింగ్ తరం కార్డుల నుంచి పైవాటికి ఈ ఓపెన్ మాడ్యూళ్లు పని చేస్తాయి, పాస్కల్, మ్యాక్స్‌వెల్ లాంటి పాత కార్డులకి మూసి ఉన్నవే కావాలి.

ఇలాంటి వాటికి కొన్ని డిస్ట్రోలు ప్రతి కర్నెల్‌కీ మాడ్యూల్ ముందే కట్టి, సంతకం చేసి, ప్యాకేజీగా ఇస్తాయి. ఉబుంటులో లినక్స్-మాడ్యూల్స్-ఎన్విడియా అని మొదలయ్యే ప్యాకేజీలు అవే. జెడ్‌ఎఫ్‌ఎస్ కూడా అక్కడ కట్టిందే దొరుకుతుంది. డెబియన్ మాత్రం ఆ లైసెన్స్ సందేహం వల్లే జెడ్‌ఎఫ్‌ఎస్‌ని సోర్స్‌గా ఇచ్చి, మీ మెషీన్‌లోనే కట్టుకోమంటుంది. ఒకే చట్టం గురించి ఇద్దరు లాయర్లు ఇచ్చే రెండు సలహాలన్నమాట.

ఈ దారి బాగుండే చోటు: మీ మెషీన్‌లో కంపైలర్ అక్కర్లేదు, అప్‌డేట్ నిమిషాల్లో అయిపోతుంది, సెక్యూర్ బూట్‌తో (సంతకం ఉన్న కోడ్‌నే నడవనిచ్చే భద్రతా ఏర్పాటు) పేచీ లేదు. ఇబ్బంది పెట్టే చోటు: డిస్ట్రో ఇచ్చే మామూలు కర్నెల్‌కే ఈ సుఖం. సొంత కర్నెల్ గానీ, ఎవరో కట్టిన వేరే కర్నెల్ గానీ వాడితే ఈ ప్యాకేజీ మీకు పనికి రాదు.

రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఇంకో ఏర్పాటు ఉంది. ఒక పెద్ద వెర్షన్ జీవితకాలంలో కర్నెల్ లోపలి కొన్ని సింబళ్లని (మాడ్యూళ్లు వాడుకునే ఫంక్షన్ల లాంటివి) మార్చకుండా ఉంచుతామని వాళ్లు జాబితా ఇస్తారు. ఆ జాబితాలో ఉన్న వాటినే వాడుకున్న మాడ్యూల్ ఒకసారి కడితే చాలు, చిన్న అప్‌డేట్లకి మళ్లీ కట్టక్కర్లేదు. కొత్త కర్నెల్ ఫోల్డర్‌లో వీక్-అప్‌డేట్స్ అనే చోట పాత మాడ్యూల్‌కి లింకు పెట్టేస్తారు. ఈఎల్‌రెపో అనే రిపాజిటరీ కేమాడ్ (ముందే కట్టిన మాడ్యూల్) ప్యాకేజీలు దీని ఆధారంగానే ఇస్తుంది. పాత సర్వర్లు చూసుకునేవాళ్లకి ఇది వరం. ఎందుకంటే రెడ్‌హ్యాట్ 8 వచ్చినప్పుడు కొన్ని పాత రెయిడ్ కార్డులకి (పలు డిస్కుల్ని కలిపి నడిపేవి) సపోర్ట్ తీసేశారు. కార్డు బాగానే ఉంది, ఇన్‌స్టాలర్‌కి డిస్కే కనిపించదు! అలాంటప్పుడు ఈఎల్‌రెపో డ్రైవర్ డిస్కుతో గట్టెక్కొచ్చు. నెట్‌వర్క్ కార్డులు, స్టోరేజ్ కార్డుల విషయంలో ఈ ఏర్పాటు బాగా నడుస్తుంది. వైఫై, గ్రాఫిక్స్ మాడ్యూళ్లకి మాత్రం చిన్న వెర్షన్ మారినప్పుడు కూడా తిరిగి కట్టాల్సి రావచ్చు.

మూడో దారి: డీకేఎంఎస్, ఏక్‌మాడ్

డీకేఎంఎస్‌ని డెల్ వాళ్లు 2003లో మొదలుపెట్టారు. ఆలోచన సులువే. మాడ్యూల్ సోర్స్ కోడ్ యూఎస్‌ఆర్ కింద ఎస్‌ఆర్‌సీలో ఉంటుంది. పక్కనే చిన్న కాన్ఫిగ్ ఫైల్ ఉంటుంది. కొత్త కర్నెల్ ప్యాకేజీ దిగినప్పుడల్లా ఒక స్క్రిప్ట్ లేచి, దానికి మాడ్యూల్ కట్టి, సరైన చోట పెడుతుంది. మీరు చేత్తో చేసే మేక్, మేక్ ఇన్‌స్టాల్‌నే ఇది మీ బదులు చేస్తుంది.

శిక్షణ కేంద్రంలో ఆ సోమవారం తర్వాత నేను చేసింది ఇదే. రెండేళ్లు నడిచింది. మధ్యలో రెండుసార్లు తిరగబడింది, రెండుసార్లూ కారణాలు వేరు. డీకేఎంఎస్‌ని అర్థం చేసుకోవాలంటే అది ఎలా పాడవుతుందో తెలియాలి కాబట్టి కొంచెం ఓపిగ్గా చెబుతాను.

మొదటిసారి హెడర్లు. మాడ్యూల్ కట్టాలంటే ఆ కర్నెల్‌కి సరిపోయే హెడర్లు మెషీన్‌లో ఉండాలి. నేను అప్పటి కర్నెల్ నంబరుతో ఉన్న హెడర్ ప్యాకేజీ పెట్టాను. కర్నెల్ మారింది, కొత్త నంబరు హెడర్లు వాటంతట అవి రాలేదు. డీకేఎంఎస్‌కి కట్టడానికి ఏమీ లేక ఊరుకుంది. పెట్టాల్సింది నంబరు లేని, ఎప్పుడూ తాజా హెడర్లని తెచ్చే మెటా ప్యాకేజీ: ఉబుంటులో లినక్స్-హెడర్స్-జెనెరిక్, హెచ్‌డబ్ల్యూఈ కర్నెల్ వాడుతుంటే దాని హెచ్‌డబ్ల్యూఈ జోడీ. ఆర్చ్ డిస్ట్రోలో ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే) కర్నెల్ కూడా ఉంచుకుంటే దాని హెడర్లు విడిగా పెట్టాలి. ఫెడోరాలో కర్నెల్-డెవెల్ అంటారు. డీకేఎంఎస్ చెడిందని ఎవరన్నా నేను మొదట చూసేది ఇదే.

రెండోసారి సోర్స్ కోడే పాతబడింది. కర్నెల్‌లో ఒక ఫంక్షన్ పోయింది, డ్రైవర్ కోడ్ ఇంకా దాన్నే పిలుస్తోంది. కంపైల్ ఎర్రర్. ఇక్కడ డీకేఎంఎస్ చేయగలిగిందేమీ లేదు. అది వంటమనిషి లాంటిది, సరుకు కుళ్లిపోతే కూర చేయలేదు. పైగా ఈ ఎర్రర్‌తో ప్యాకేజీ మేనేజర్ కూడా మధ్యలో ఆగి, ప్రతి అప్‌డేట్‌లోనూ అదే ఎర్రర్ చూపిస్తూ కూర్చుంటుంది. అప్పుడు చేయాల్సింది: బూట్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నుంచి పాత కర్నెల్‌లోకి వెళ్లడం, డ్రైవర్ కోడ్ కొత్త వెర్షన్ ఉందేమో చూడడం, లేకపోతే ఆ మాడ్యూల్‌ని డీకేఎంఎస్ నుంచి తీసేసి వేరే దారి వెతుక్కోవడం. అందుకే డీకేఎంఎస్ కోసం సోర్స్ ఎంచుకునేటప్పుడు, ఆ రిపాజిటరీలో చివరి మార్పు ఎప్పుడు జరిగిందో చూస్తాను. ఏడాదిన్నరగా కదలిక లేని కోడ్ అయితే, ఆ డాంగిల్ తిరిగిచ్చేసి వేరేది కొనుక్కోవడమే మేలు. డాంగిల్ ఖరీదు కంటే మన ఆదివారం ఖరీదెక్కువ.

ఫెడోరాలో ఏక్‌మాడ్ అని దీని దాయాది ఉంది. ఆర్‌పీఎం ఫ్యూజన్ రిపాజిటరీ నుంచి ఎన్విడియా పెట్టుకునేవాళ్లకి పరిచయమే. ఇది ఊరికే ఫైల్ కట్టి పడేయదు, మీ మెషీన్‌లోనే ఆర్‌పీఎం ప్యాకేజీ తయారు చేసి, దాన్ని ఇన్‌స్టాల్ చేస్తుంది. ఏ ఫైల్ ఎవరిదో ప్యాకేజీ డేటాబేస్‌కి తెలుస్తుంది, తీసేటప్పుడు శుభ్రంగా పోతుంది. ఈ ఒక్క విషయంలో డీకేఎంఎస్ కంటే ఇది నాకు నచ్చుతుంది. కట్టడం పూర్తికాకముందే తొందరపడి రీబూట్ చేయడం మాత్రం ఫెడోరా వాడేవాళ్లు తరచూ చేసే తప్పు. అప్‌డేట్ అయ్యాక కాసేపు ఆగి, మాడ్యూల్ వివరాలు చూపే మాడ్‌ఇన్ఫో కమాండ్‌తో అది వచ్చిందో లేదో చూసి, అప్పుడు రీబూట్ చేయండి.

నాలుగో దారి: చేత్తో మేక్ ఇన్‌స్టాల్

దీని కథ పైన చెప్పేశాను. మీరే డ్రైవర్ రాస్తుంటే, రోజుకి ముప్పైసార్లు కట్టి, ఎక్కించి, దించి చూడాలంటే ఇదే సరైన దారి. అప్పుడు కూడా వర్చువల్ మెషీన్‌లో చేయండి. వేరే ఎవరికైనా రోజూ వాడే మెషీన్‌లో దీన్ని పెట్టమని నేను చెప్పను. తయారీదారు సైట్ నుంచి దించిన ఇన్‌స్టాలర్ ఫైల్ నడిపించడం కూడా ఈ కోవలోకే వస్తుంది. ప్యాకేజీ మేనేజర్‌కి తెలియకుండా ఫైళ్లు చల్లేస్తుంది, తర్వాత డిస్ట్రో ప్యాకేజీ పెట్టినప్పుడు రెండూ కొట్టుకుంటాయి.

ఐదో దారి: సొంత కర్నెల్

డ్రైవర్‌ని మాడ్యూల్‌గా కాకుండా కర్నెల్‌లోనే కలిపేసి కట్టొచ్చు. కాన్ఫిగ్‌లో ఎం బదులు వై పెట్టడమే. రౌటర్లు, టీవీ బాక్సుల్లాంటి చిన్న పరికరాలకి ఇదే సబబు, ఎందుకంటే వాటిలో హార్డ్‌వేర్ ఎప్పటికీ మారదు. డెస్క్‌టాప్‌కి చేసుకోవాలన్న సరదా ఉంటే ఒక హెచ్చరిక. మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ అని ఒక ఉపాయం ఉంది. ఇప్పుడు లోడ్ అయి ఉన్న మాడ్యూళ్లని చూసి, అవే ఉంచి, మిగతావి తీసేస్తుంది. కర్నెల్ చకచకా కంపైల్ అవుతుంది. కానీ ఆ క్షణంలో ప్రింటరో, పెన్‌డ్రైవో గుచ్చి లేకపోతే దాని డ్రైవర్ కూడా ఎగిరిపోతుంది. నెల తర్వాత ఎవరో పెన్‌డ్రైవ్ తెస్తే అప్పుడు తెలుస్తుంది. పైగా భద్రతా అప్‌డేట్లన్నీ ఇక మీ బాధ్యతే.

సెక్యూర్ బూట్ ఎక్కడ అడ్డం వస్తుంది

ఇటీవలి ల్యాప్‌టాప్‌లన్నీ సెక్యూర్ బూట్ ఆన్‌లోనే వస్తున్నాయి. ప్రధాన డిస్ట్రోల కర్నెళ్లు ఆ స్థితిలో సంతకం లేని మాడ్యూల్‌ని ఒప్పుకోవు. 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అన్న ఎర్రర్ చూస్తే మీ మాడ్యూల్ బాగానే ఉంది, దాని సంతకమే చెల్లలేదు. చాలామంది ఇది చూసి మళ్లీ మళ్లీ కంపైల్ చేస్తారు. లాభం లేదు.

మొదటి రెండు దారుల్లో ఈ బెడద దాదాపు ఉండదు, ఎందుకంటే డిస్ట్రో సంతకం ముందే ఉంటుంది. డీకేఎంఎస్, ఏక్‌మాడ్‌లకి మీ మెషీన్ సొంత కీ కావాలి. దాన్ని మోక్ అంటారు. ఉబుంటులో డీకేఎంఎస్ ప్యాకేజీ పెట్టేటప్పుడే పాస్‌వర్డ్ అడుగుతుంది. రీబూట్ చేయగానే నీలం తెర వస్తుంది, అక్కడ ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ తెర కొన్ని సెకన్లే ఉంటుంది. టీ కోసం లేచి వెళ్తే పోయినట్టే, మోక్‌యుటిల్‌తో మళ్లీ మొదటి నుంచి అడగాలి. ఒకసారి కీ చేరిపోతే ఆ తర్వాత కట్టే మాడ్యూళ్లన్నిటికీ అదే సంతకం చెల్లుతుంది.

ఎక్కడో డేటా సెంటర్‌లో ఉన్న సర్వర్‌కైతే ఆ నీలం తెర దగ్గర కూర్చునేవాళ్లు ఉండరు. రిమోట్ కన్సోల్ లేని సర్వర్ల విషయంలో డీకేఎంఎస్ వద్దనడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు. సెక్యూర్ బూట్ ఆపేస్తే పోదా అంటారా? సొంత డెస్క్‌టాప్‌లో మీ ఇష్టం. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఆ నిర్ణయం మీది కాదు.

ఎక్కించడం, ఆపడం: చిన్న ఎంపికలు

మాడ్యూల్ మెషీన్‌లోకి వచ్చాక, దాన్ని ఎప్పుడు ఎక్కించాలన్నది వేరే ప్రశ్న. ఇన్స్‌మాడ్, మాడ్‌ప్రోబ్ అని రెండు కమాండ్లున్నాయి. ఇన్స్‌మాడ్‌కి ఫైల్ పూర్తి చిరునామా ఇవ్వాలి, ఆ మాడ్యూల్ ఇంకే మాడ్యూల్ మీద ఆధారపడిందో అది పట్టించుకోదు, 'అన్‌నోన్ సింబల్' అని చేతులెత్తేస్తుంది. మాడ్‌ప్రోబ్ పేరు చెబితే చాలు, డెప్‌మాడ్ తయారు చేసిన జాబితా చూసి కావలసినవన్నీ వరుసగా ఎక్కిస్తుంది. డ్రైవర్ రాసేవాళ్లు తప్ప మిగతా అందరూ మాడ్‌ప్రోబ్‌నే వాడాలి.

పరికరం ఉన్న మాడ్యూల్‌ని యూడెవ్ చూసుకుంటుంది, మీరు ఎక్కడా రాయక్కర్లేదు. పరికరం అంటూ లేని మాడ్యూళ్లని మాత్రం బూట్‌లోనే ఎక్కించాలంటే ఈటీసీ కింద మాడ్యూల్స్-లోడ్.డి ఫోల్డర్‌లో ఒక ఫైల్ పెట్టి, దాంట్లో మాడ్యూల్ పేరు రాయండి. రూట్ డిస్క్‌ని చదవడానికే కావలసిన మాడ్యూలైతే అక్కడ రాసి లాభం లేదు. ఆ ఫైల్ డిస్క్ మీదే ఉంది, డిస్క్ చదవడానికేమో ఆ మాడ్యూల్ కావాలి. అది ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో, అంటే బూట్ మొదట్లోనే మెమరీలోకి ఎక్కే చిన్న ఫైల్ సిస్టంలో, ఉండాలి. డెబియన్, ఉబుంటుల్లో అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్, ఫెడోరాలో డ్రాకట్, ఆర్చ్‌లో ఎంకే-ఇనిట్‌సీపీఐఓ దాన్ని తయారు చేస్తాయి.

ఒక మాడ్యూల్‌ని ఆపడం ఎక్కించడం కంటే తికమకగా ఉంటుంది. ఎన్విడియా పెట్టేటప్పుడు, అవే కార్డులకి కర్నెల్‌తో వచ్చే నూవో డ్రైవర్‌ని ఆపాలి, అందరూ ఈటీసీ కింద మాడ్‌ప్రోబ్.డి ఫోల్డర్‌లోని ఫైల్‌లో బ్లాక్‌లిస్ట్ అని ఒక వరుస రాస్తారు. అయినా రీబూట్ తర్వాత నూవో ప్రత్యక్షం. రెండు కారణాలు. ఒకటి, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో పాత కాన్ఫిగ్ ఉండిపోయింది, దాన్ని తిరిగి కట్టలేదు. రెండు, బ్లాక్‌లిస్ట్ అన్నది పరికరం నంబరు చూసి తనంతట తాను ఎక్కడాన్నే ఆపుతుంది. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే, లేదా ఇంకో మాడ్యూల్‌కి అది అవసరమైతే ఎక్కుతుంది. గట్టిగా ఆపాలంటే అదే ఫైల్‌లో ఇన్‌స్టాల్ అన్న పదం, మాడ్యూల్ పేరు, తర్వాత బిన్ ఫాల్స్ ప్రోగ్రాం చిరునామా రాయాలి. ఇంకా గట్టిగా కావాలంటే కర్నెల్ కమాండ్ లైన్‌లో మాడ్యూల్_బ్లాక్‌లిస్ట్ అని ఇవ్వొచ్చు, అప్పుడు కర్నెలే తలుపు తీయదు. మెషీన్ బూట్ కాకుండా వేలాడుతుంటే కూడా ఈ చివరిదే దిక్కు, బూట్ మెనూలో అప్పటికప్పుడు టైప్ చేయొచ్చు.

సర్వర్ల భద్రత చూసేవాళ్లకి ఇంకోటి. కర్నెల్.మాడ్యూల్స్_డిజేబుల్డ్ అనే సిస్‌కంట్రోల్‌ని (కర్నెల్ సెట్టింగుని) 1 చేస్తే మళ్లీ రీబూట్ చేసేదాకా ఏ మాడ్యూల్ ఎక్కదు, దిగదు. వెనక్కి మార్చడం కుదరదు.

ఆర్చ్ వాడేవాళ్లకి ఓ మాట

ఆర్చ్‌లో కర్నెల్ అప్‌డేట్ కాగానే పాత కర్నెల్ మాడ్యూళ్ల ఫోల్డర్ తుడిచిపెట్టుకుపోతుంది. రీబూట్ చేసేదాకా నడుస్తున్నది పాత కర్నెలే, దాని మాడ్యూళ్లేమో డిస్క్ మీద లేవు. అప్పటిదాకా ఎక్కని పరికరం గుచ్చితే పలకదు. పెన్‌డ్రైవ్ పోయిందని బాధపడకుండా రీబూట్ చేయండి.

బీఎస్‌డీల్లో

లినక్స్ కాని, యూనిక్స్ వంశపు ఫ్రీబీఎస్‌డీలో మాడ్యూళ్లని కేఎల్‌డీలోడ్‌తో ఎక్కిస్తారు, కేఎల్‌డీస్టాట్‌తో చూస్తారు. బూట్‌లో ఎక్కించడానికి రెండు చోట్లున్నాయి: బూట్ కింద లోడర్.కాన్ఫ్, ఈటీసీ కింద ఆర్‌సీ.కాన్ఫ్‌లో కేఎల్‌డీ_లిస్ట్. డిస్క్ మౌంట్ కాకముందే కావలసినవి మొదటి దాంట్లో, మిగతావన్నీ రెండో దాంట్లో పెట్టండి. గ్రాఫిక్స్ డ్రైవర్ తప్పనిసరిగా రెండో దాంట్లోనే. అది ప్యాకేజీగా విడిగా వస్తుంది కాబట్టి సిస్టం వెర్షన్ మారినప్పుడు కర్నెల్‌తో పొసగకపోవచ్చు, డీకేఎంఎస్ కష్టాలకి ఇక్కడి రూపం అది. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లయితే 2015లో వచ్చిన 5.7 నుంచి మాడ్యూళ్లు ఎక్కించే సౌకర్యాన్నే తీసేశారు. అక్కడ ఎంపిక అన్న ప్రశ్నే లేదు, హార్డ్‌వేర్ కొనేటప్పుడే ఆలోచించాలి.

దారి మార్చేటప్పుడు

శిక్షణ కేంద్రం మెషీన్లని తర్వాత కొత్త డిస్ట్రో వెర్షన్‌కి మార్చాం. ఆ డాంగిళ్లకి డ్రైవర్ అప్పటికి కర్నెల్‌లోకే వచ్చేసింది. ఇక నిశ్చింత అనుకున్నాను. తీరా చూస్తే వైఫై నిమిషానికోసారి తెగిపోతోంది. డీకేఎంఎస్ పాత మాడ్యూల్ ఇంకా అక్కడే ఉంది. దాని పేరు వేరు, కర్నెల్‌తో వచ్చిన దాని పేరు వేరు, కానీ ఇద్దరూ ఒకే పరికరం నంబరు నాదంటే నాదంటున్నారు. బూట్‌లో ఎవరు ముందొస్తే వాళ్లది. పేర్లు ఒకటే అయితే ఇంకో రకం చిక్కు: డెప్‌మాడ్ మామూలుగా అప్‌డేట్స్ ఫోల్డర్‌లో ఉన్నదానికి ముందు పీట వేస్తుంది, ఉబుంటులో డీకేఎంఎస్ పెట్టేది అక్కడే. కర్నెల్‌లో ఎంత కొత్త డ్రైవర్ ఉన్నా పాతదే నడుస్తుంది.

కాబట్టి మెరుగైన దారి దొరకగానే పాతదాన్ని తీసేయాలి. డీకేఎంఎస్ స్టేటస్‌తో ఏవేవి ఉన్నాయో చూసి, డీకేఎంఎస్ రిమూవ్‌తో అన్ని కర్నెళ్ల నుంచి తీసేసి, మాడ్‌ప్రోబ్.డి లో ఎప్పుడో రాసిన బ్లాక్‌లిస్ట్ వరుసలు కొట్టేసి, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ తిరిగి కట్టి, రీబూట్ చేయండి. తర్వాత మాడ్‌ఇన్ఫోకి ఎన్ ఆప్షన్ ఇచ్చి మాడ్యూల్ పేరు చెబితే, ఫైల్ ఏ ఫోల్డర్ నుంచి వస్తోందో ఒక్క వరుసలో చూపిస్తుంది. ఆ చిరునామాలో కర్నెల్ అన్న ఫోల్డర్ కనిపించాకే నేను ఆ పన్నెండు మెషీన్ల దగ్గర్నుంచి లేచాను.